విత్తనపు పొట్టేలును ఎంచేదెట్లా?

మందలో సగం బలం పొట్టేలుదే అంటారు పెద్దలు. ఇందులో అతిశయోక్తి లేదు. పాతిక ముప్పై గొర్రెలకు ఒక్క పొట్టేలు చాలు. ఆ ఏడు పుట్టే పిల్లలన్నిటికీ తండ్రి అదే.

అట్లాంటి పొట్టేలును మనం ఎట్లా ఎంచుతున్నాం? నిజం చెప్పాలంటే చాలా మందల్లో ఎంచడమే లేదు. అన్నిటికన్నా ఏపుగా పెరిగిన పొట్టేలు పిల్లను బక్రీదుకో, దసరాకో బేరగాడు ముందుగా పట్టుకుపోతాడు. ధర పలకనిది మిగులుతుంది. మరుసటి ఏడు మందకు తండ్రి అయ్యేది ఆ మిగిలిందే. గట్టి గింజ అమ్ముకుని తేలిక గింజ విత్తనానికి దాచుకునే రైతును చూస్తే నవ్వుతాం గదా! గొర్రెల దగ్గర జరుగుతున్నది అదే.

ఇప్పుడు జన్యుశాస్త్రం వచ్చింది, రక్తపు చుక్క పరీక్షిస్తే పిల్ల ఎంత పెరుగుతుందో తెలిసిపోతుంది అని కొందరు మిత్రులు ఉత్సాహంగా అంటున్నారు. ఇది వట్టి గాలిమాట కాదు. ఐరోపాలోని టెక్సెల్ గొర్రెకు కండ ఎక్కువ పట్టడానికి మయోస్టాటిన్ జన్యువులోని చిన్న మార్పు కారణమని 2006లో తేలింది. మహారాష్ట్రలో ఫల్టణ్‌లోని నింబ్‌కర్ సంస్థ, బెంగాలు గరోల్ గొర్రెలోని జంటపిల్లల జన్యువును మన దక్కనీ జాతిలోకి తెచ్చింది. డి.ఎన్.ఎ. పరీక్షతో ఎంచిన జీవాలను కాపరుల మందలకు చేర్చింది.

అయితే జంటపిల్లల సంగతి వేరు, ఒంటి పరిమాణం సంగతి వేరు. మొదటిదాంట్లో ఒక్క జన్యువుదే పెద్ద చెయ్యి. బరువు, ఎత్తు, ఛాతీ కొలతల మీద ఎన్నో జన్యువులు తలా కాస్త పనిచేస్తాయి. మేత, తల్లిపాలు, ఒంటిగా పుట్టిందా జంటగా పుట్టిందా అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి.

ఇంకొక చిక్కు వుంది. జన్యుగుర్తు చాలాసార్లు అసలు జన్యువు కాదు, దాని పక్కనుండే ఆనవాలు మాత్రమే. "వేపచెట్టు పక్క ఇల్లు" అని ఒక ఊళ్లో గుర్తు చెప్తే సరిపోతుంది. అదే గుర్తు పట్టుకుని ఇంకో ఊరికి పోతే వేరేవాళ్ల తలుపు తట్టాల్సి వస్తుంది. పరాయి జాతుల్లో దొరికిన గుర్తులు మన నెల్లూరు జోడిపికి, దక్కనీకి పనికొస్తాయో లేదో మన మందల్లోనే తేల్చుకోవాలి. తేల్చాలంటే ప్రతి పిల్లకూ తల్లిదండ్రులెవరో, పుట్టినప్పుడు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి బరువెంతో తెలియాలి. కాటా, నోటుపుస్తకం లేనిచోట ఎంత ఖరీదైన ప్రయోగశాల అయినా ఏం చేస్తుంది?

పరిమాణమే సర్వస్వం అనుకోవడం కూడా పొరపాటే. నెల్లూరు గొర్రె ఎత్తరి. కానీ దానికి గొంగడికి పనికొచ్చే ఉన్ని లేదు. దక్కనీ గొర్రె మెట్టభూముల్లో ఎండిన గడ్డి కొరుకుతూ మైళ్లు నడుస్తుంది, ఉన్నీ ఇస్తుంది. తూకం కోసం దక్కనీ మందలోకి నెల్లూరు పొట్టేలును తోలితే బరువుతోపాటు ఏం పోతున్నదో కూడా లెక్క వెయ్యాలి.

2017లో రాష్ట్ర ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున గొల్లకురుమలకు పంచడం మొదలుపెట్టింది. జీవాలను పొరుగు రాష్ట్రాల నుంచి కొని తెచ్చారు. 2019 పశుగణనలో సుమారు 1 కోటి 90 లక్షల గొర్రెలతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. సంతోషమే. కానీ సంఖ్య పెరిగినంత మాత్రాన జాతి బాగుపడదు. మంచి పొట్టేలును అమ్ముకోవద్దని కాపరికి నీతులు చెప్పడం సులువు. పండుగ ధర వదులుకుంటే అతని అప్పు ఎవరు తీరుస్తారు? కాబట్టి ఆ సబ్సిడీలో కొంతైనా, తూకంలో నెగ్గిన పిల్లను మందలోనే వుంచుకున్న కాపరికి ఇవ్వాలని నా అభిప్రాయం. రెండేళ్లకొకసారి ఊళ్ల మధ్య పొట్టేళ్లను మార్చుకుంటే రక్తసంబంధపు దోషాలు కూడా తగ్గుతాయి.

మా తుర్కయాంజాల్ చుట్టూ మేతభూములు ప్లాట్లయిపోతున్నాయి. వందకు మేత వున్నచోట రెండు వందలు పెంచలేం. వున్న కొద్ది జీవాలే మేలైనవి కావాలి.

మిత్రులారా! రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం వుంది, గుర్తుల సంగతి వాళ్లు చూస్తారు. బరువులు రాయడం మనం చెయ్యగలం. ఈ ఏటి ఎన్.ఎస్.ఎస్. శిబిరంలో గోడల మీద నినాదాలు రాయడానికి బదులు ఒక కాటా పట్టుకుని మందలోకి పోదాం. బి.యస్సీ. చదువుకు అంతకన్నా మంచి ప్రాక్టికల్ వుండదు.