బాప్తీస్మం తర్వాతి కథ

అమెరికాలోని ‘కోర్న్’ రాక్ బృందంలో గిటారిస్టు బ్రయన్ వెల్చ్. పేరూ డబ్బూ ఉన్నా మత్తుమందుకు బానిసయ్యాడు. తమ బృందం పాడిన అశ్లీల గీతాన్ని ఒకరోజు చిన్నారి కూతురే పాడుకుంటుంటే విని తల్లడిల్లిపోయాడు. 2005లో బృందాన్ని వదిలి, క్రీస్తును నమ్మి, యోర్దాను నదిలో బాప్తీస్మం పొందాడు. 2007లో ‘సేవ్ మీ ఫ్రమ్ మైసెల్ఫ్’ పేరుతో ఆత్మకథ రాశాడు.

మన సభల్లో సాక్ష్యాలు సాధారణంగా ఇక్కడే ఆగుతాయి. బాప్తీస్మం కాగానే హల్లెలూయలు, చప్పట్లు! పేరున్నవాడైతే వచ్చే ఆదివారమే వేదిక ఎక్కించేస్తాం. కొత్తగా చేరినవాణ్ని అధ్యక్షుణ్ని చేయొద్దని పౌలు తిమోతికి రాసింది ఎవరికి గుర్తుంటుంది?

వెల్చ్ 2013లో మళ్లీ కోర్న్‌లో చేరాడు. పడిపోయాడన్నారు కొందరు విశ్వాసులు. కానీ అతడు విశ్వాసాన్ని వదల్లేదు, కచేరీలకు వచ్చిన అభిమానులతో కలిసి ప్రార్థించేవాడు. 2016లో మరో పుస్తకం రాసి, మారుమనస్సు తర్వాత డబ్బు పోగొట్టుకున్న సంగతీ, కుంగిపోయిన రోజులూ దాచకుండా చెప్పాడు. నా మట్టుకు ఈ రెండోదే విలువైన సాక్ష్యం.

యోర్దానులోనే మునిగి శుద్ధుడైన నయమాను, తన రాజు వెంట రిమ్మోను గుడికి వెళ్లక తప్పదని చెప్పుకుంటే, ఎలీషా అతణ్ని గద్దించలేదు. నెమ్మదితో వెళ్లమన్నాడు.