నామినల్ రోల్‌లో లేని పేర్లు

పదో తరగతి ఫలితాలు వచ్చిన సాయంత్రం జెడ్పీ హైస్కూల్ హెచ్‌ఎంకు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ‘మీకెంత పర్సెంటు?’ ఎంతమంది రాశారని అడిగేవాళ్లు తక్కువ. పన్నెండు మంది రాసిన బడిలో ఒక్క పిల్ల లెక్కల పరీక్ష రెండు మార్కులతో తప్పినా ఆ బడి 91.67 శాతానికి పడిపోతుంది. ఇద్దరు తప్పితే 83.33. మూడొందల మంది రాసే బడిలో ఒకరు తప్పితే తగ్గేది ఒక శాతంలో మూడో వంతు మాత్రమే. ఈ రెండు బడులను ఒకే పట్టికలో పెట్టి, ఒక హెచ్‌ఎంకు శాలువా, ఇంకో హెచ్‌ఎంకు షోకాజ్ నోటీసు ఇవ్వడం న్యాయం కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2023లో పదో తరగతి ఉత్తీర్ణత 72.26 శాతం. ఆ ఏడాది 933 బడులకు నూటికి నూరు వస్తే, 38 బడుల్లో ఒక్కరూ పాస్ కాలేదు. 2024లో ఉత్తీర్ణత 86.69కి పెరిగింది. నూరు శాతం బడులు 2,803 అయ్యాయి, సున్నా బడులు 17కు తగ్గాయి. పిల్లలు తక్కువున్న బడికి నూరు రావడం సులువు, సున్నా రావడమూ సులువే. అమెరికాలో చిన్న బడులే మేలన్న నమ్మకంతో గేట్స్ ఫౌండేషన్ భారీగా డబ్బు పోసింది. గణాంక శాస్త్రవేత్త హోవార్డ్ వైనర్ పెన్సిల్వేనియా లెక్కలు తీస్తే మంచి ఫలితాల జాబితాలోనూ, అధ్వాన్నపు జాబితాలోనూ చిన్న బడులే ఎక్కువగా తేలాయి. మన ఎంఈఓ ఆఫీసుల్లో గోడకు అంటించే ర్యాంకుల పట్టికలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

అయినా అసలు సంగతి శాతం ఊగిసలాడటంలో లేదు. ఆ పన్నెండు మంది ఎవరన్న దానిలో ఉంది.

2024 ఫలితాల్లో రాష్ట్రంలో అట్టడుగున నిలిచింది కర్నూలు జిల్లా, 62.47 శాతంతో. ఆ జిల్లా పడమటి మండలాలు కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు వెళ్తే కారణం కళ్లకు కడుతుంది. తుంగభద్ర పక్కనే పారుతున్నా చాలా చేలకు వానే దిక్కు. సొంత పంట చేతికొచ్చినా రాకపోయినా, చలికాలంలో కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు, పల్నాడు వైపు పత్తి తీతకు, మిరప కోతకు కదులుతాయి. సుగ్గికి పోవడం అంటారు అక్కడ. బియ్యం మూటలు, వంట సామాను, చంటిపిల్లలతో ఇంటికి తాళం పడుతుంది. మిరప కోత జోరుగా సాగేది ఫిబ్రవరి, మార్చిలో. పదో తరగతి పరీక్షలూ మార్చిలోనే.

ఇలాంటి ఊరి బడిలో హాజరు పట్టీ తిరగేస్తే చదువు కథంతా అందులోనే ఉంటుంది. జూలై పేజీలో అడ్డంగా టిక్కులు. దసరా దాటాక అక్కడక్కడా ‘ఏ’లు. జనవరికి వచ్చేసరికి ఒక వరుస పొడవునా ‘ఏ’లే. ఆ వరుస ఎక్కువగా ఆడపిల్లది. అమ్మానాన్నలు చేలో ఉంటే గుడారం దగ్గర తమ్ముణ్ని చూసుకోవాలి, సంగటి చేయాలి. పదిహేనేళ్ల పిల్ల కోత పనికీ అక్కరకొస్తుంది. పరీక్షకు వారం ముందు తిరిగొచ్చినవాళ్లు సైన్సులో సగం పాఠాలు వినకుండానే హాలుకు వెళ్తారు. రానివాళ్ల సంగతి ఇంకా ఘోరం: వాళ్లు ఏ లెక్కలోనూ ఉండరు.

ఎందుకంటే ఉత్తీర్ణత శాతం కట్టేది పరీక్ష రాసినవాళ్ల మీద. ఫీజు కట్టక ముందే బడి మానేసిన పిల్ల పేరు పరీక్ష రాసేవాళ్ల జాబితాకే, అంటే నామినల్ రోల్‌కే ఎక్కదు. ఆ పిల్ల మానేస్తే శాతం తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. వెనకబడిన పిల్లను ఇంటికెళ్లి బతిమాలి తెచ్చి పరీక్ష రాయించిన టీచర్ పర్సెంటు పట్టికలో కింద ఉంటాడు, వదిలేసిన బడి పైన ఉంటుంది. ఇంతకన్నా తలకిందుల కొలమానం ఇంకొకటి నేను చూడలేదు. చట్టమూ ఇక్కడ చేయి వదిలేసింది: విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ల దాకే, అంటే దాదాపు ఎనిమిదో తరగతి దాకే.

ఇంకోవైపు, హైస్కూల్ మొదలయ్యే లోపే ఊళ్లో ఒక వడపోత జరిగిపోతుంది. ఐదో తరగతి దగ్గర ప్రవేశ పరీక్ష రాసిన చురుకైన పిల్లలు గురుకులాలకు వెళ్తారు. 1971లో సర్వేల్‌లో మొదలైన ఆ బాట ఎందరో పేద పిల్లల బతుకు మార్చింది, దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కాస్త ఉన్నవాళ్ల పిల్లలు ప్రైవేటు బడి పసుపు బస్సు ఎక్కుతారు. ఊరి హైస్కూల్‌కు మిగిలేది కూలీల పిల్లలు, అక్షరం రాని తల్లుల పిల్లలు. ఆ బడికేమో సబ్జెక్టుకు ఒక్కరే టీచర్. లెక్కల మాస్టారు బదిలీ అయితే ‘సర్దుబాటు’ ఉత్తర్వు వచ్చేదాకా లెక్కల పీరియడ్ ఖాళీ.

అలాగని పిల్లల పుట్టుకను చూసి ఫలితం ముందే రాసేయడం పెద్ద తప్పు. గిరిజన జిల్లా పార్వతీపురం మన్యం 2024లో 96.37 శాతంతో, 2025లో 93.90 శాతంతో రాష్ట్రంలోనే మొదట నిలిచింది. అదే 2025లో అల్లూరి సీతారామరాజు జిల్లా 47.64 శాతంతో చివరన ఉంది. రెండూ ఏజెన్సీ జిల్లాలే, రెంటిలోనూ కొండ పిల్లలే. పేదరికం, కులం, తెగ మాత్రమే ఫలితాన్ని నిర్ణయిస్తాయనుకుంటే ఇంత తేడా రాకూడదు. పిల్లలు రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు, పోస్టు ఎన్నాళ్లు ఖాళీగా ఉంది, సాయంత్రం పక్కన కూర్చుని చదివించేవాళ్లున్నారా అన్నవి తేల్చే విషయాలు. అవి ప్రభుత్వం చేతిలోవి.

వలస మండలాలకు సీజనల్ హాస్టళ్లు అని ఒక ఏర్పాటు ఉంది. తల్లిదండ్రులు సుగ్గికి వెళ్లినా పిల్లలు ఊళ్లోనే ఉండి తిని, చదువుకోవచ్చు. బండ్లు కదిలాక తెరిస్తే లాభం లేదు, అప్పటికి పిల్ల బండిలో ఉంటుంది. దసరా సెలవులు ముగిసేసరికి పొయ్యి వెలగాలి. ఆడపిల్లల కోసం రాత్రి కాపలాకు ఒక ఆయమ్మ ఉండాలి, లేకపోతే ఏ తల్లీ వదిలి వెళ్లదు.

ఫలితాల పట్టికలో పర్సెంటు పక్కన ఇంకో రెండు గడులు గీయాలి. ఈ బ్యాచ్‌లో ఆరో తరగతిలో ఎంతమంది చేరారు? వాళ్లలో ఎంతమంది నామినల్ రోల్‌కు చేరారు? ఈ రెండు అంకెలూ ప్రతి బడి రికార్డుల్లో ఇప్పటికే ఉన్నాయి.