ఆ బండిమీద తెలుగులో రాయండి



రోడ్డు మీద రసాయనాల లారీ పల్టీ కొడితే కొందరు బిందెలు, క్యాన్లు పట్టుకుని పరుగెత్తుతారు. కొందరు పక్క చేలో మోటరు వేసి నీళ్లు కొడతారు. రెండోది మంచి మనసుతో చేసేదే. కానీ లోపలున్నది ఎసిటైల్ క్లోరైడ్ అయితే ఆ నీళ్లే ప్రాణాల మీదికి తెస్తాయి.

నేను కర్నూలులో ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినవాణ్ని. ల్యాబ్‌లో ఆ సీసా మూత తీస్తే చాలు, గాలిలోని చెమ్మకే తెల్లటి పొగ లేచేది. పరీక్షనాళికలో నీళ్లు పోసి ఒక్క చుక్క వేస్తే బుస్సుమని పైకి చిమ్మేది. పిల్లల్ని దూరంగా నిలబెట్టేవాణ్ని. నీటితో కలిసి అది ఎసిటిక్ ఆమ్లం, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు అవుతుంది. ఆ వాయువు కంట్లో, గొంతులో, ఊపిరితిత్తుల్లో తడి తగిలిన చోటల్లా ఆమ్లమై కాలుస్తుంది. చూడ్డానికి మాత్రం ఆ ద్రవం అచ్చం నీళ్లే! 51 డిగ్రీలకే మరుగుతుంది. మన మే నెల ఎండలో నిలబెట్టిన డ్రమ్ము గురించి ఒకసారి ఆలోచించండి. దాని ఆవిరి గాలికన్నా బరువు, వంకల్లోకి, పల్లంలోకి పాకుతుంది. నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది.

అన్ని రసాయనాలూ ఒకటి కావు. 2020 జూన్‌లో నంద్యాలలోని ఒక ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకై ఒకరు చనిపోయారు. అమ్మోనియా నీళ్లలో ఇట్టే కరుగుతుంది కాబట్టి ఆ ఆవిరిని తుంపరలతో అణచవచ్చు. ఎసిటైల్ క్లోరైడ్‌కు ఆ మందు పనికిరాదు. ఒలికినదాని మీద పొడి ఇసుకే వేయాలి. మనిషి ఒంటిమీద పడితే మాత్రం వెంటనే బట్టలు తీసేసి, చెంబెడు కాదు, ధారగా నీళ్లు పోస్తూనే ఉండాలి.

ఇలాంటి రసాయనాలు మోసే బండికి సరుకు పేరు, ఐక్యరాజ్యసమితి నంబరు, ఫోన్ నంబరు ఉన్న బోర్డు ఉండాలని 1989 మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. అలంపూర్ చౌరస్తా నుంచి డోన్ దాకా 44వ జాతీయ రహదారి పక్కన బతికేవాళ్లలో ఆ ఇంగ్లీషు బోర్డు చదవగలిగేది ఎందరు? నీటితో ప్రమాదమున్న ప్రతి బండిమీద ‘నీళ్లు పోయరాదు’ అని పెద్ద తెలుగు అక్షరాల్లో రాయించాలని రవాణా శాఖను కోరుతున్నాను. హైవే ఊళ్లలో ఏడాదికొకసారైనా అగ్నిమాపక సిబ్బంది వచ్చి ఏం చేయాలో చూపించాలి.

అప్పటిదాకా పాఠకులకు నా మనవి: బోర్డు మీద ఎసిటైల్ క్లోరైడ్ నంబరు 1717 కనబడితే దగ్గరికి పోకండి. గాలి ఎటునుంచి వీస్తోందో అటువైపు దూరం జరిగి, 101కి ఫోన్ చేసి ఆ నంబరు చెప్పండి.

— విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు, కర్నూలు