పాట ఎవరిదో తేలింది సరే, ఊరు ఎవరిది?

మంచిర్యాలలోనో జగిత్యాలలోనో, చాయ హోటల్లో నలుగురు పాటల పిచ్చోళ్లు కూడితే పంచాయితీ ఎక్కడ మొదలవుతుందో ముందే చెప్పొచ్చు. "'ఊరు మనదిరా' గద్దరన్న రాసిందే" అంటాడొకడు. "కాదు భై, గూడ అంజన్నది. ఆయనది మన దండేపల్లి దిక్కు లింగాపూర్" అని ఇంకొకడు బల్ల గుద్దుతాడు. ఫోన్లు బయటికొస్తాయి, పాత రికార్డింగులు మోగుతాయి. రెండో చాయ వచ్చేసరికి చర్చ 'మా భూమి' సినిమా దాకా పోతుంది. 'బండెనక బండి గట్టి' తెర మీద పాడింది గద్దరే అయినా, కట్టింది సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి అని ఒక పెద్దమనిషి తీర్పు చెప్తాడు.

ఈ కొట్లాట నాకిష్టం. గొంతుకు దక్కిన పేరు కలానికి దక్కని చోట ఇట్లా కొట్లాడేవాళ్లు ఉండాలి. 1955లో పాత ఆదిలాబాద్ జిల్లాలో పుట్టి, ఫార్మసిస్టుగా పనిచేసి, 2016 జూన్‌లో కన్నుమూసిన గూడ అంజయ్య పేరు వేదిక మీద ఎంతమంది గాయకులు చెప్తున్నారు? 'నేను రాను బిడ్డో' అంటూ సర్కారు దవాఖాన మీద పాట కట్టిన మనిషి మందుల పని తెలిసినవాడని తెలిస్తే ఆ పాట వేరేగా వినిపిస్తుంది. మనం నవ్వుకున్న చోట ఆయన నవ్వలేదని అప్పుడు అర్థమవుతుంది.

అయితే అభిమానుల ముచ్చట అసలు రసకందాయంలో పడేది 'ఊరు మనదిరా' పాటలో దొర ఎవరన్న దగ్గర. పాతతరం వాళ్లకు అనుమానమే లేదు: గడీలో కూర్చున్నవాడే దొర. ఉద్యమకాలంలో పాడిన పిల్లలకు పరాయి పాలకుడు దొర. ఇప్పటివాళ్లలో ఒక పార్టీవాడికి ఇంకో పార్టీ నాయకుడు దొర. అర్థాలు ఎన్ని మారినా ఒక్కటి మారదు. దొర ఎప్పుడూ మన ఇంటికి దూరంగానే ఉంటాడు.

కొంచెం వెనక్కి పోదాం. 1978 సెప్టెంబరు 7న దొరలకు ఎదురుతిరిగిన రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ రోజుల్లో కరీంనగర్ పల్లెల్లో రైతుకూలీ సంఘాల చేతిలో ఒక ఆయుధం ఉండేది. దొర ఇంటికి చాకలి పోడు, మంగలి పోడు, జీతగాడు పోడు. ఊరంతా ఒక్కమాట మీద నిలబడితే గడీలో ఊడ్చేవాళ్లు, నీళ్లు తోడేవాళ్లు లేకుండా పోయారు. భూమి, తుపాకి, పటేలు, పోలీసు అన్నీ దొర దిక్కే ఉన్న కాలంలో, పేదోళ్లకు మిగిలింది చేస్తున్న పని ఆపెయ్యడమే. కొద్దిరోజులకే సర్కారు సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 'ఊరు మనదిరా' పాటను నోటికి ఎత్తుకున్నది ఆ తరమే.

ఇప్పుడు అదే ఆయుధం ఎవరి మీదికి తిరిగిందో చూడండి. జగిత్యాల, నిర్మల్, నిజామాబాద్ పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీలున్నాయి. మనోళ్ల నోట్లో వీడీసీ. ఎవరూ ఓట్లేసి గెలిపించలేదు, ఏ చట్టమూ అధికారమివ్వలేదు. కానీ బెల్టు షాపు వేలం వాళ్లదే, దండుగ వాళ్లదే. అడిగిన పైసలు కట్టని గీత కార్మికుల మీద, జాగ దగ్గర ఎదురుతిరిగిన దళితవాడ మీద ఒక రాత్రి వెలి చాటింపు పడుతుంది. తెల్లారేసరికి కిరాణం కొట్టులో ఉప్పు దొరకదు. పాలు పోసేటోడు గల్లీ మారుస్తాడు. ఆటోవాడు తలతిప్పుకుంటాడు. పలకరించినోళ్లకూ దండుగే. బడిలో పక్కన కూర్చునే పిల్లగాడు కూడా ఇంట్లో చెప్పింది విని జరిగి కూర్చుంటాడు. ఇట్లాంటి వార్తలు మన జిల్లా పేజీల్లో ఏండ్లుగా వస్తూనే ఉన్నాయి. మనం చదివి, పేజీ తిప్పి, సినిమా వార్తకు పోతున్నాం.

అదే ఊళ్లో జూన్ 2న, తెలంగాణ అవతరణ దినాన, డీజే పెట్టి మోగించేది ఏ పాటనుకుంటున్నారు?

పాట అర్థం మీద గంటసేపు మాట్లాడగలిగిన మనం ఆ చాటింపు రాత్రి ఎక్కడున్నాం? కమిటీలో ఉన్నది మన మేనమామే, మన దోస్తే, ఒక్కోసారి డప్పు పట్టి పాట పాడిన మన పాత సంఘపోడే. "ఊరి మాట, మనమేం జేస్తం" అని తలుపేసుకున్నాం. గడీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ తాతలు కూడా ఆ మాటే అనేవాళ్లు. వాళ్లకు కొరడా భయముండె. మనకున్న భయం ఐదువేల దండుగ, పెండ్లికి పిలవరేమోనన్న బాధ. ఈపాటి దానికి అంజన్నను వేదికెక్కించడం ఎందుకు?

దళితులను, గిరిజనులను వెలివేయడం అట్రాసిటీ చట్టం కింద నేరం. మిగతా కులాలవాళ్లను వెలివేసినా నేరమేనంటూ మహారాష్ట్ర 2016లో ప్రత్యేక చట్టం తెచ్చుకుంది. పెన్‌గంగ దాటితే ఉన్న చట్టం ఇవతల కూడా కావాలని అడిగే గొంతు మన కళాకారులదే కావాలి. అంజయ్య పేర, గద్దర్ పేర సభలు పెట్టేవాళ్లు ఈసారి శాలువాల సంఖ్య తగ్గించి ఈ ఒక్క డిమాండును తీర్మానంగా పెట్టండి. గాయకులారా, పాట ఎత్తుకునేముందు రాసినోడి పేరు చెప్పండి. ఆ వెంటనే, మీ మండలంలో చాటింపు పడ్డ వాడ పేరు కూడా చెప్పండి. సభ పెట్టినోళ్లు మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ.

చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. రేపు చాటింపు వినబడితే, పాటల పిచ్చోళ్లం నలుగురం కలిసి పట్టపగలే ఆ వాడకు పోదాం. వాళ్లింట్లో చాయ తాగుదాం, వాళ్ల కల్లు కొందాం, కిరాణం కొట్టుదాకా వాళ్లతో కలిసి నడుద్దాం. దండుగ వేస్తే రసీదు అడుగుదాం. రసీదిస్తే ఠాణాలో సాక్ష్యానికి అదే పనికొస్తుంది.