తాళంచెవి లేని పెట్టె

పెళ్లికి పెట్టె ఇచ్చేవారు తాళంచెవి కూడా ఇవ్వడం లోకాచారం. టెక్సాస్‌కు చెందిన మైకల్ హార్ట్ మాత్రం 2009లో, ఫ్రాన్సులో ఉంటున్న మిత్రుడి పెళ్లికి చెవి లేని పెట్టె కానుకిచ్చాడు. పైన ఒక మీట, అక్షరాలు కనబడే చిన్న కిటికీ - అంతే!

మీట నొక్కితే లోపలి యంత్రం ఉపగ్రహాల సంకేతాలందుకుని, తాను తెరుచుకునే చోటు ఇంకా ఎన్ని కిలోమీటర్లుందో చెబుతుంది. ఏ దిక్కునో మాత్రం చెప్పదు. పైగా నొక్కడానికి 50 అవకాశాలే!

2000 మే 3న ఆరెగాన్ అడవిలో ఒకాయన బకెట్టు దాచి, అక్షాంశ రేఖాంశాలు ప్రకటించాడు. జియోకేషింగ్ అనే ఆట అలా పుట్టింది. అందులో చోటు తెలుసు, వస్తువు కనబడదు. ఇక్కడ వస్తువు చేతిలోనే ఉంది, చోటే తెలియదు!

కూర్చున్న చోటే టకటకా నొక్కితే వచ్చేది అదే అంకె, పోయేది అవకాశం. మూడు వేర్వేరు ఊళ్లలో నొక్కి, ఆ దూరాలతో మ్యాపు మీద మూడు వృత్తాలు గీస్తే, మూడూ కలిసేదే గమ్యం. అది ఫ్రాన్సు ఉత్తర తీరాన ఉన్న బ్రెహా దీవి.

సుత్తి పట్టుకుంటే నిమిషం పని గదా అంటారేమో! అప్పుడు పెట్టెలోది దక్కేది గాని, కొత్త దంపతులకు ఆ ప్రయాణం దక్కేది కాదు. ఓర్చినమ్మకు తేటనీరని ఊరికే అన్నారా?

సరే, ఆ పెట్టె మీ ఇంటికే వచ్చిందనుకోండి. పిల్లలు బడి నుంచి వచ్చాక ఎన్ని అవకాశాలు మిగులుతాయి?