నొప్పి ఒకచోట, మూలం మరొకచోట

తలనొప్పి అనగానే తెలుగువాడి చెయ్యి పసుపుపచ్చ లేపనం ఉన్న చిన్న సీసాకేసి పోతుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ రాబడే తరువాత ఆంధ్రపత్రికకు అండ అయింది కనుక, తెలుగు అక్షరం మన తలనొప్పులకు కొంత ఋణపడి ఉన్నదనే చెప్పాలి. ఆ ఋణం మాట అలా ఉంచితే, ఆ సీసాను నేను కణతలకు రాసుకున్న ఆరేళ్ళూ నా నొప్పి మూలం కణతల్లో లేదు. మెడలో ఉంది.

నొప్పి ఎప్పుడూ కుడివైపే. పెడతల దగ్గర బరువుగా మొదలై, తల మీదుగా పాకి, కంటిపైన వచ్చి కూర్చునేది. ఒకరు కళ్ళజోడు మార్చారు. ఒకరు సైనస్ అన్నారు. మరొకరు పార్శ్వపు నొప్పి అన్నారు. ముగ్గురూ మాత్రలు రాశారు. నా మెడ మీద చెయ్యి వేసి చూసినవారు ఒక్కరూ లేరు. వారిని నిందించటం నా ఉద్దేశం కాదు. నేను కూడా కన్ను చూపించి "ఇక్కడ నొప్పి" అన్నానే తప్ప, తల తిప్పితే ఎక్కువవుతుందన్న మాట చెప్పనేలేదు.

మెడలో పుట్టినది కంటిపైన ఎలా తెలుస్తుంది? మెడలోని మొదటి మూడు నరాల జతలూ, ముఖం నుంచీ నుదుటి నుంచీ స్పర్శను మోసుకొచ్చే నరమూ వెన్నుపాము పైభాగంలో ఒకే చోట కలుస్తాయి. రెండు ఊళ్ళ ఉత్తరాలు ఒకే తపాలా కార్యాలయానికి చేరినట్టు. ఏ ఉత్తరం ఏ ఊరిదో పోల్చుకోలేక మెదడు మెడనొప్పిని నుదుటి లెక్కలో రాసేస్తుంది. ఇటువంటి తలనొప్పికి 1983లో నార్వే వైద్యుడు ఓట్టార్ స్యోస్టా, ఆయన సహచరులూ "సర్వికోజెనిక్ హెడేక్" అని పేరు పెట్టారు. అంటే, మెడనుంచి పుట్టిన తలనొప్పి.

చివరికి నన్ను పరీక్షించిన ఫిజియోథెరపిస్టు చేసిన పని చాలా చిన్నది. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డాన్ని ఛాతీకేసి వంచి, ఆ వంపులోనే తలను అటూ ఇటూ తిప్పి చూశారు. మామూలుగా ఒక్కోవైపు 44 డిగ్రీల దాకా తిరగాలట. ఎడమకు తిరిగింది. కుడికి సగంలో ఆగిపోయింది, నా పాత నొప్పి కంటిపైన ప్రత్యక్షమైంది. ఆరేళ్ళ ప్రశ్నకు జవాబు అర నిమిషంలో దొరికింది.

తరువాతది వ్యాయామం. మెడ కింద గాలి నింపిన చిన్న తిత్తి పెట్టి, దాని పీడనం 20 మిల్లీమీటర్ల దగ్గర ఉంచి, "అవును" అన్నట్టు అతి మెల్లగా తల ఆడించమంటారు. ముల్లు రెండేసి చొప్పున 30 దాకా పెరగాలి. ప్రతి మెట్టు మీదా పది సెకండ్లు నిలపాలి. నేను 24 దగ్గరే వణికిపోయాను. మెడపూసలకు ముందువైపు లోతుగా ఉండే కండరాలు నీరసిస్తే, పైకండరాలు ఆ భారమంతా మోస్తూ బిగుసుకుపోతాయట. తప్పు ఒప్పుకునే చిన్నపిల్లవాడిలా రోజుకు రెండుసార్లు "అవును, అవును" అంటూ తల ఊపాను. రెండో నెలలో నొప్పి లేని వారం ఒకటి వచ్చింది.

ఇది నా ఒక్కడి అనుభవమే అయితే రాసేవాడిని కాదు. 2002లో ఆస్ట్రేలియాలో గ్వెండొలిన్ జుల్, ఆమె సహచరులూ ఇటువంటి నొప్పి ఉన్న 200 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు ప్రకటించారు. ఆరు వారాలపాటు కొందరికి చేతులతో మెడకీళ్ళకు చికిత్స, కొందరికి వ్యాయామం, కొందరికి రెండూ ఇచ్చారు. ఏ చికిత్సా ఇవ్వని వారితో పోలిస్తే మూడు జట్లకూ నొప్పి తగ్గింది. ఏడాది తరువాత కూడా ఆ మేలు నిలిచింది. రెండూ కలిపినందువల్ల గణనీయమైన అదనపు లాభం కనబడలేదు. అంటే, రోగి తన చేతులారా చేసుకునే సాధన మరొకరి హస్తవాసికి తీసిపోలేదన్నమాట.

నా ఫిర్యాదు ఇక్కడే ఉంది. వైద్యమంటే మనకు ఎవరో చేసేది, మనం చేయించుకునేది. ఫిజియోథెరపీకి వెళ్ళినా "కరెంటు పెట్టించుకుని" వస్తాం, వ్యాయామం కాగితాన్ని మడిచి జేబులో దాచుకుంటాం. క్షౌరశాలలో మెడ పటుక్కున విరిపించుకుని హాయి అంటాం. మెదడుకు నెత్తురు తీసుకెళ్ళే ధమని ఆ విసురుకు చీలే అపాయం ఉన్నదని తెలిసినా మానం. మాత్రలూ అంతే. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులూ ఆపైనా, మూడు నెలలు దాటి వాడితే, ఆ మాత్రలే కొత్త తలనొప్పిని తెచ్చిపెట్టవచ్చు.

ఇక "నిటారుగా కూర్చో" అన్న మందలింపు. నొప్పి నా భంగిమకు శిక్ష అని నేనూ చాలాకాలం సిగ్గుపడ్డాను. కానీ కర్రలా బిగుసుకుని కూర్చున్నవాడికీ నొప్పి వస్తుంది. ఏ భంగిమైనా గంటల తరబడి మారకపోవటమే మెడకు భారం. ఎలా కూర్చున్నామన్నదానికన్నా, ఎంతసేపటికి లేచామన్నది పెద్ద ప్రశ్న అని నా అభిప్రాయం.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ప్రతి తలనొప్పీ మెడది కాదు. పార్శ్వపు నొప్పిలోనూ మెడ పట్టేస్తుంది కనుక, ఎవరికివారు నిర్ణయించుకోరాదు. ఉన్నట్టుండి పిడుగులా వచ్చిన నొప్పి, జ్వరంతోనో, మాట తడబాటుతోనో, కాలుచేతుల బలహీనతతోనో వచ్చిన నొప్పి, దెబ్బ తగిలాక మొదలైన నొప్పి ఉంటే వ్యాయామం మాట మరచి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. తక్కినవారు వైద్యుడి దగ్గర కన్ను ఒక్కటే చూపించక, మెడ సంగతి కూడా చెప్పండి. ఆ ఒక్క మాట నేను చెప్పి ఉంటే నాకు ఆరేళ్ళు మిగిలేవి.

మిత్రులారా, ఇందాకటినుంచీ కదలకుండా చదువుతూంటే, ఒకసారి లేచి నాలుగడుగులు వేసి రండి. నాతో విభేదించదలచినవారు ఆ తరువాత విభేదించవచ్చు.