శరీరం దగ్గర ఫేక్ ఎక్స్‌పీరియన్స్ చెల్లదు

అమీర్‌పేట అంటే మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళ ఊరు. నమ్మకపోతే పొద్దున్నే మైత్రీవనం దగ్గర నిలబడి చూడండి. ఆన్‌లైన్ క్లాసులొచ్చాక రద్దీ కాస్త తగ్గిందిగానీ సీను మాత్రం అదే. మొన్ననే ఇంజనీరింగ్ అయిన కుర్రాడు, వాడి పక్కన పిల్లలు పుట్టి ఐదేళ్ళు గ్యాప్ వచ్చిన అమ్మాయి, ఆ పక్కన ప్రాజెక్టు పోయిన నలభై ఐదేళ్ళ పెద్దమనిషి. ముగ్గురి చేతిలోనూ ఒకటే జిరాక్సు నోట్సు. ఆ పెద్దమనిషిని చూసి "ఈ వయసులో అవసరమా?" అని ఒక్కరూ అనరు. జీతం కోసం కదా మరి!

అదే మనిషి తెల్లవారుజామున ఈత కళ్ళద్దాలు పెట్టుకుని నీళ్ళలో దిగాడనుకోండి, ఇంటిల్లిపాదికీ అదే ప్రశ్న. మా ఇంట్లో ఆరునెలలుగా నడుస్తున్న గొడవ ఇదే.

మా మావయ్యకి యాభై రెండు. పంజాగుట్ట ద్వారకాపురి కాలనీలో ఉంటాడు. 2014లో ఒలింపిక్ దూరం ట్రయథ్లాన్ ఒకటి పూర్తిచేశాడు. అంటే కిలోమీటరున్నర ఈత, నలభై కిలోమీటర్లు సైకిలు, పది కిలోమీటర్లు పరుగు, ఒకదాని వెంట ఒకటి. మూడు గంటల ఐదు నిమిషాలు పట్టింది. ఆ మెడల్ ఇప్పటికీ టీవీ పక్కన వేలాడుతూనే ఉంటుంది, వెళ్ళిన ప్రతివాడూ చూడాల్సిందే :) ఆ తర్వాత ట్రాన్స్‌ఫరు, మరదలి చదువు, కరోనా, మోకాలి నొప్పి. పదేళ్ళు గడిచిపోయాయి, పదకొండు కిలోలు పెరిగాయి. ఈమధ్య ఉన్నట్టుండి "మళ్ళీ దిగుతున్నా" అని ప్రకటించాడు. ఈసారి ఏకంగా గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3 కట. అంటే 1.9 కిలోమీటర్లు సముద్రంలో ఈత, 90 సైకిలు, 21.1 పరుగు.

అమ్మ ఫోన్ చేసి "వాడికి నువ్వైనా చెప్పరా" అంది. నేను ఉండేది అమీర్‌పేటలో, ఆయనకి పక్క మెట్రో స్టేషనే. సరే చెబుదామని వెళ్తే నాకే సైకిలు పట్టుకునే ఉద్యోగం ఇచ్చాడు.

అక్కడే నాకు అసలు సంగతి తెలిసింది. మావయ్య 2014 నాటి ట్రైనింగ్ ప్లాన్ కాగితం దాచుకున్నాడు. మొదటి వారం నుంచీ అదే ప్లాన్, అదే స్పీడు. "ఒకసారి చేసినవాణ్ణి, శరీరానికి గుర్తుంటుందిరా" అన్నాడు. మన భాషలో చెప్పాలంటే రెజ్యూమెలో పదేళ్ళ కిందటి ఎక్స్‌పీరియన్స్ చూపించి సీనియర్ పోస్టు అడుగుతున్నాడన్నమాట. అమీర్‌పేటలో మూడేళ్ళు ఫేక్ పెట్టి ఇంటర్వ్యూ దాటేసినవాళ్ళని చాలామందిని చూశాను. కానీ శరీరం చేసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌ని దాటినవాణ్ణి ఇంతవరకూ చూళ్ళేదు.

నాలుగో వారానికి మడమ వెనక నొప్పి మొదలైంది. దీనికో కారణముంది. తిరిగి మొదలుపెట్టినప్పుడు ఊపిరీ గుండే కొన్ని వారాల్లోనే దారికొస్తాయి. కండరాన్ని ఎముకకి కలిపే స్నాయువులు గట్టిపడటానికి మాత్రం నెలలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని స్పీడు పెంచేస్తాం. ఇంజను సిద్ధమే, బండి చట్రం ఇంకా కాలేదు. పాతికేళ్ళవాడికైనా ఇదే లెక్క, యాభై దాటినవాడికి మరీను.

ఆరో వారంలో పూల్లో ఉండగా నాలుగు వందల మీటర్ల దగ్గర ఆగిపోయి గోడ పట్టుకున్నాడు. నేను గట్టు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నా. తలెత్తేసరికి మొహం పాలిపోయి ఉంది. "ఏం లేదు, పొద్దున్న కాఫీ తాగలేదు" అన్నాడు. ఐదు నిమిషాలాగి మళ్ళీ దిగబోతుంటే చెయ్యి పట్టుకుని పైకి లాగాను. జీవితంలో మొదటిసారి మావయ్య మీద అరిచాను. ఆ మధ్యాహ్నమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఈసీజీ, ఎకో, తర్వాత ట్రెడ్‌మిల్ టెస్టు. గుండెలో అడ్డంకులేమీ లేవుగానీ బీపీ బాగా ఎక్కువుంది. ఎన్నేళ్ళ నుంచి ఉందో ఎవరికీ తెలీదు. ఎందుకంటే పదేళ్ళలో ఒక్కసారీ చూపించుకోలేదు!

ఆ రాత్రి నిద్రపట్టక దీని గురించి చదివాను. 2017లో 'అనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్'లో ఒక అధ్యయనం వచ్చింది. అమెరికాలో 1985 నుంచి 2016 దాకా ట్రయథ్లాన్‌లలో జరిగిన మరణాలూ, గుండె ఆగిపోయిన ఘటనలూ కలిపి 135 లెక్కతేలాయి. వాటిలో 90 ఈతలోనే. సగటు వయసు 47 దగ్గర. పోస్ట్‌మార్టం వివరాలు దొరికిన 61 మందిలో 27 మందికి గుండెకో రక్తనాళాలకో సంబంధించిన లోపం ముందునుంచే ఉంది. మొత్తం మీద చూస్తే లక్షమందికి ఇద్దరు కూడా లేరు. అరవై దాటిన మగవాళ్ళలో మాత్రం లక్షకి 18.6.

ఈ అంకెలు అమ్మకి చూపిస్తే "నే చెప్పలా?" అంటుంది. మావయ్యకి చూపిస్తే "లక్షకి ఇద్దరేగా" అంటాడు. ఇద్దరూ తప్పేనని నా అభిప్రాయం. మానేస్తే ఏమవుతుంది? కుర్చీలో కూర్చున్నంత మాత్రాన బీపీ ఊరుకోదు కదా. నిజానికి ఈ పిచ్చి లేకపోతే అది బయటపడేదే కాదు. అలాగని వాట్సాప్‌లో తిరిగే "వయసు కేవలం ఒక అంకె" కబుర్లన్నా నాకు చిరాకే. వయసు అంకే, కానీ ప్రతి లెక్కలోనూ వెయ్యాల్సిన అంకె. ట్రయథ్లాన్ వాళ్ళకి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే ఐదేళ్ళకో వర్గం చొప్పున విడగొట్టి, 50-54 వాళ్ళకి 50-54 వాళ్ళతోనే పోటీ పెడతారు. జపాన్‌కి చెందిన హిరోము ఇనాడా 2018లో, 85 ఏళ్ళ వయసులో హవాయిలో పూర్తి ఐరన్‌మ్యాన్ ముగించాడు. ఆయన పక్కనున్న ముప్పై ఏళ్ళవాడితో పోటీపడలేదు, ముప్పై ఏళ్ళనాటి తనతోనూ పోటీపడలేదు.

మనవాళ్ళలోనే చూడండి. సామర్లకోట గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో, 47 ఏళ్ళ వయసులో శ్రీలంక నుంచి ధనుష్కోడికి పాక్ జలసంధి ఈదారు. 30 కిలోమీటర్లు, 13 గంటల 43 నిమిషాలు. 2025 జనవరి మొదట్లో విశాఖ నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్ల ఈత ముగించారు, కొన్ని రోజులపాటు ఈది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఒక అదృష్టముంది, పోల్చుకోడానికి పాత టైమింగ్ ఉండదు. తిరిగొచ్చేవాళ్ళ తలనొప్పంతా అదే. మావయ్యకి శత్రువు యాభై రెండేళ్ళు కాదు, ఆ మూడు గంటల ఐదు నిమిషాలు.

ఇదంతా ఆయనకి చెప్పాను. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి "సరే, ఫ్రెషర్ బ్యాచ్‌లో చేరతాలే" అన్నాడు. బీపీ మందు మొదలైంది. డాక్టరు ఒప్పుకున్నాకే నీళ్ళలో దిగాడు, అదీ ఒంటరిగా కాదు. గోవా వాయిదా వేసి, స్ప్రింట్ దూరం పెట్టుకున్నాడు. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 పరుగు. ఆదివారాలు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీద తొక్కుతాడు. పరుగు మధ్యలో సిగ్గుపడకుండా నడుస్తాడు. వారానికి రెండు రోజులు బరువులెత్తుతాడు, ఎందుకంటే ఈ వయసులో కండ అడక్కుండానే కరిగిపోతుంది. పాత ప్లాన్ కాగితం ఏమైందని అడిగితే అత్తయ్య వంటింటి డబ్బా అడుగున వేసిందని చెప్పాడు.

ఐటీ జనాలకి నేను చెప్పేది ఒకటే. కాలేజీలో కబడ్డీ ఆడినవాళ్ళో, డిస్ట్రిక్ట్‌కి పరిగెత్తినవాళ్ళో మనలో చాలామందే ఉన్నారు. నలభైలోనో యాభైలోనో మళ్ళీ బూట్లు కట్టాలనిపిస్తే కట్టండి. టెస్టులు చేయించుకోండి, జీరో నుంచి మొదలెట్టండి. ఇంట్లో నాన్నో మావయ్యో మొదలెడితే "ఈ వయసులో అవసరమా" అనకండి. తోడు వెళ్ళండి. గట్టు మీద కూర్చున్నప్పుడు ఫోన్ మాత్రం జేబులో పెట్టుకోండి.

మొన్న అమ్మ అడిగింది, "వాడు మానేశాడా?" అని. "లేదమ్మా, జూనియర్‌గా చేరాడు" అన్నాను. "మరి నువ్వు?" అంది. నాకు ఇరవై ఎనిమిది, అమీర్‌పేట మెట్రోలో ఎస్కలేటర్ ఆగిపోతే లిఫ్ట్ కోసం వెతుక్కునే రకం. ప్రస్తుతానికి ఆ ప్రశ్నకి జవాబు పెండింగ్ :)